బడికి ఎన్ని మీటర్లు?

మా రోజుల్లో బడిని ఎవరూ ఎంచుకోలేదు. ఊళ్ళో ఒక బడి ఉండేది, ఆ ఊళ్ళో మేం పుట్టాం, అక్కడితో సరి. ఇప్పుడు మా అబ్బాయీ కోడలూ ఇంగ్లండులో నాలుగేళ్ళ పిల్లను బడిలో వెయ్యడానికి పడ్డ పాట్లు చూశాక నాకు ఒకటే అనుమానం. ఇంత చదువుకున్న వాళ్ళు, ఇద్దరూ కంప్యూటర్ల మీద కోట్ల లెక్కలు చూసేవాళ్ళు, ఏడాది పాటు నిద్ర మానుకుని తేల్చుకున్నదేమిటయ్యా అంటే, పిల్లని ఇంటికి దగ్గరున్న బడికి పంపాలని! మా నాన్న ఇది చుట్ట కాలుస్తూ తేల్చేశాడు.

నన్ను బడిలో వేసింది 1953 దసరాకి. కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది ఆ నెలలోనే. రేపల్లె వైపు మా పల్లెకు ఆ సంగతి పెద్దగా పట్టలేదుగానీ విజయదశమి మాత్రం పట్టింది. నాన్న నా చెయ్యి పట్టుకుని బోర్డు స్కూలుకు నడిపించాడు. పలక, బలపం, తాంబూలం, పిల్లలకు పంచడానికి పప్పుబెల్లాలు, అయ్యవారికి పంచెల చాపు. దరఖాస్తంటే అదే. వయసు రుజువుకి ఉన్నదొకటే పరీక్ష: కుడిచెయ్యి తలమీదుగా తిప్పి ఎడమ చెవి అందుకోవాలి. నాకు అందలేదు. మెడ కాస్త పక్కకి వంచితే అందింది. అయ్యవారు చూసీ చూడనట్టు ఊరుకుని, పుట్టినతేదీ 1-7-1948 అని రాసేశారు. ఆ రిజిస్టరు తిరగేస్తే మా ఊరి పిల్లలంతా జూలై ఒకటినే పుట్టినట్టుంటుంది. నేను పుట్టింది ఆ మరుసటేడు గాలివానల రోజుల్లో అని అమ్మ చెప్పేది. వంచిన మెడ పుణ్యమా అని ఏడాదికి పైగా సర్వీసు పోగొట్టుకుని, 2006లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. ఆ ఏడుపు వేరే.

ఇంగ్లండులో చెవులు పట్టుకోనక్కర్లేదు. సెప్టెంబరు ఒకటి నుంచి మరుసటేడు ఆగస్టు 31 దాకా పుట్టిన వాళ్ళంతా ఒక తరగతి. నాలుగు నిండిన సెప్టెంబరులో రిసెప్షన్ అనే తరగతిలో చేరతారు. మా మనవరాలు ఆగస్టు చివర పుట్టింది. అంటే నాలుగు నిండీ నిండకుండానే బడి. పక్కింటి పిల్లాడు దానికన్నా వారమే చిన్న, సెప్టెంబరు మొదట్లో పుట్టాడు, వాడికి ఇంకో ఏడాది ఆటవిడుపు. ముహూర్తం పెట్టించుకుని ఆపరేషన్ చేయించుకునే మనవాళ్ళకి ఈ కిటుకు ఇంకా తెలిసినట్టు లేదు. ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా పుట్టిన పిల్లల్ని ఏడాది ఆగి రిసెప్షన్‌లోనే చేర్చుకోమని అడగొచ్చట, ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం సీట్లిచ్చేవాళ్ళ ఇష్టం. దాని మీద మా ఇంట్లో రెండు వారాలు చర్చ నడిచింది. పిల్లని అడిగితే, "బడిలో సైకిళ్ళు ఉన్నాయా?" అంది. చర్చ మొత్తంలో అర్థమున్న ప్రశ్న అదొక్కటే.

దరఖాస్తుకి గడువు జనవరి 15. ఫలితం ఏప్రిల్ 16న, దేశమంతటా ఒకే రోజు. కానీ అసలు హడావుడి కిందటి అక్టోబరులోనే మొదలైంది. నేను ఆ రోజుల్లో అక్కడే ఉన్నాను. మా కోడలు ఒక ఎక్సెల్ షీటు తయారు చేసింది. అడ్డంగా పద్నాలుగు బడుల పేర్లు. నిలువుగా ఇంటి నుంచి దూరం, బడుల్ని తనిఖీ చేసే ఆఫ్‌స్టెడ్ వాళ్ళ తీర్పు, కిందటి మూడేళ్ళలో ఎన్ని మీటర్ల దూరం వాళ్ళకి సీటు ఆగిపోయింది, బడి అయ్యాక పిల్లని ఆరింటి దాకా అట్టిపెట్టుకుంటారా లేదా, ఆటస్థలంలో గడ్డి అసలుదా ప్లాస్టిక్‌దా. చివర 'వైబ్' అని ఒక గడి, దానికి పదికి మార్కులు. వైబ్ అంటే ఏమిటమ్మా అన్నాను. "లోపలికి అడుగు పెట్టగానే మనకి ఎలా అనిపిస్తుందో అది, మావయ్యగారూ" అంది. ఒక బడికి ఆరున్నర వేసి ఉంది. ఆ అర మార్కు ఎక్కడ తగ్గిందో ముప్ఫై ఏళ్ళు పేపర్లు దిద్దినవాణ్ణి నాకే అంతు చిక్కలేదు.

"పంతులు ఎవరో ఆ గడి ఏదమ్మా?" అన్నాను. దానికి గడి లేదు. ఏటేటా టీచర్లు మారుతూ ఉంటారట, అది ముందుగా ఎవరికీ తెలియదట. మా ఊళ్ళో బడి అంటేనే అయ్యవారు. ఆయన మంచివాడైతే మంచి బడి, చెడ్డవాడైతే చెడ్డబడి. గోడలు, గడ్డి, గంట ఎవడికి కావాలి?

ఇక ఆ మీటర్ల గొడవ. ఇది కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లండులో పిల్లల చదువంతా దీని మీదే నడుస్తోందని నా నమ్మకం. ఒక బడిలో ఉన్నవి ముప్ఫై సీట్లు, అడిగినవాళ్ళు తొంభై మంది అనుకోండి. ఎవరికివ్వాలి? పిల్ల తెలివి చూడకూడదు, తల్లిదండ్రుల్ని ఇంటర్వ్యూ చెయ్యకూడదు, డొనేషన్ ముట్టుకోకూడదు. అక్కడికి బాగానే ఉంది. అన్నో అక్కో అప్పటికే ఆ బడిలో ఉన్న వాళ్ళకి ఇచ్చాక, మిగిలిన సీట్లని చాలా చోట్ల దూరం కొలిచి పంచుతారు. కొన్ని కౌన్సిళ్ళు, అంటే అక్కడి మునిసిపాలిటీలు, నడిచే దారిని కొలుస్తాయి. మా అబ్బాయి వాళ్ళ కౌన్సిల్ మ్యాపు మీద గీత గీసి సూటిగా కొలుస్తుంది. వీళ్ళింటికీ వీళ్ళు కోరుకున్న బడికీ మధ్య రైలు పట్టాలున్నాయి. గీత ప్రకారం నాలుగొందల మీటర్లు. నేను ఒకపూట మఫ్లరు చుట్టుకుని నడిచి చూశాను. వంతెన దాకా వెళ్ళి, దిగి, చుట్టు తిరిగొచ్చేసరికి కిలోమీటరు పైమాటే. పిల్ల ఎగిరి వెళ్ళాలా అన్నాను. "ఆ లెక్క మనకే లాభం నాన్నా, ఊరుకోండి" అన్నాడు మా వాడు.

లాభమూ కాలేదు. ఆ ఏడు మూడొందల అరవై మీటర్ల దగ్గర సీట్లు అయిపోయాయి. ముందటేడు అయిదొందల మీటర్ల వాళ్ళకీ దొరికింది. ఆ వీధిలో ఎంతమందికి తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ పుట్టారన్న దాని మీద ఏటేటా ఆ హద్దు జరుగుతూ ఉంటుంది. వాళ్ళ కాపురాల లెక్క మన చేతిలో ఉంటుందా?

కాబట్టి తెలివైనవాళ్ళు బడిని వెతకరు, ఇల్లు వెతుకుతారు. పేరున్న బడి చుట్టుపక్కల నాలుగు వీధుల్లో అద్దెలు చూస్తే కళ్ళు తిరుగుతాయి. అదే ఇల్లు, అవే రెండు గదులు, అదే చెమ్మగోడ, రోడ్డుకి ఇవతల ఒక రేటు, అవతల ఒక రేటు. మనవాళ్ళు వీసా మీద దిగగానే మొదట అడిగేది ఆఫీసుకి రైలు ఎంతసేపని కాదు, ఏ పోస్ట్‌కోడ్‌లో ఏ బడి అని. సర్కారు బడిలో ఫీజు లేదు, నిజమే. ఆ ఫీజు ఇంటి ఓనరు పుచ్చుకుంటున్నాడు. మా ఊళ్ళో బడి పక్కనున్న ఇల్లంటే ఎవరూ అద్దెకి తీసుకునేవాళ్ళు కాదు. ఎక్కాల గోల, మధ్యాహ్నం కునుకు పట్టదని.

దొంగ అడ్రసుల సంగతి వేరే చెప్పాలా. నాయనమ్మ ఇల్లు, స్నేహితుడి ఇల్లు, ఆర్నెల్లకని తీసుకున్న గది. అందుకని కౌన్సిల్ ట్యాక్సు బిల్లు చూపించమంటారు, అద్దె కాగితాలు చూపించమంటారు. 2008లో పూల్ అనే ఊరి కౌన్సిల్ ఇంకో అడుగు ముందుకేసింది. ఒక కుటుంబం చెప్పిన ఇంట్లోనే నిజంగా ఉంటోందా లేదా అని దాదాపు మూడు వారాలు వెనకాల మనుషుల్ని పెట్టి కనిపెట్టించింది. పిల్లలు ఎప్పుడు కారెక్కారు, ఎక్కడ దిగారు, ఇంట్లో దీపం ఎప్పుడు వెలిగింది, అన్నీ రాసుకున్నారు. తీరా చూస్తే ఆ కుటుంబం తప్పేమీ చెయ్యలేదు. 2010లో ట్రైబ్యునలు కౌన్సిల్‌ని తప్పుపట్టింది. నేరగాళ్ళని పట్టుకోవడానికని 2000లో తెచ్చిన చట్టాన్ని బడి సీటు కోరిన కుటుంబం మీద వాడటమేమిటని దేశమంతా నవ్వింది. మా అయ్యవారు కూడా వెనకాల మనుషుల్ని పంపేవారు, కాదనను. అయితే అది బడికి రాని వాణ్ణి మామిడితోటలోంచి కాళ్ళూ చేతులూ పట్టి మోసుకురావడానికి.

ఇంకో వింత వినండి. దీన్ని వాళ్ళు బడిని ఎంచుకోవడం అనరు. చట్టప్రకారం తల్లిదండ్రులు తమ ఇష్టాన్ని తెలపొచ్చు, అంతే. కనీసం మూడు బడులు రాసుకోనివ్వాలి, లండన్‌లో ఆరు దాకా రాయొచ్చు. మీరు ఏ బడిని మొదట రాశారో, దేన్ని మూడోది చేశారో ఆ బడివాళ్ళకి తెలియనివ్వరు. దూరం ప్రకారం మీకు ఏయే బడులు వస్తాయో చూసి, వాటిల్లో మీ వరసలో పైనున్నది కౌన్సిల్ మీకు ఇస్తుంది. ఇది నాకు నచ్చిన లెక్క, ఎక్కడా తిరకాసు లేదు. కానీ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మహానుభావుడు, "ఒక్క బడే రాయండి, మిగతా గడులు ఖాళీగా వదిలేస్తే చచ్చినట్టు అదే ఇస్తారు" అని సలహా పడేశాడు. మా వాడు కాస్త ఊగాడు. నేను నిబంధనలు చదివి చెప్పాను, ఒరేయ్, ఆ ఒక్కటీ రాకపోతే ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ పడేస్తారు, ఊరి చివరైనా సరే అని. బడి రెండు మైళ్ళకు మించి ఉంటే ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు రాకపోకలు కౌన్సిలే చూసుకోవాలన్న రూలుంది, అదీ దగ్గర్లో ఇంకో బడి లేనప్పుడే. హైస్కూలుకి నేను కాలవ దాటి అంతకన్నా ఎక్కువే నడిచాను, నాకెవడు బండి కట్టాడు? మా అక్క అసలు నడవనే లేదు. హైస్కూలు కాలవ అవతల ఉందని అయిదో తరగతితోనే మానిపించారు. ఆవిడకి నాకన్నా లెక్కలు బాగా వచ్చేవి.

అన్నిటినీ తిట్టుకుంటూ పోను. ఆ వరసలో అందరికన్నా ముందు ఎవరుంటారో తెలుసా? ప్రత్యేక అవసరాలున్నాయని కాగితం మీద ఫలానా బడే తగినదని రాసిన పిల్లలు, వాళ్ళ తరవాత తల్లీతండ్రీ చూసుకోలేక సర్కారు సంరక్షణలో ఉన్న పిల్లలు. వాళ్ళు ఎంత దూరంలో ఉన్నా సరే, ఎంత గొప్ప బడి అయినా సరే, ముందు సీటు వాళ్ళది. పక్కవీధిలో లక్షలు పోసి ఇల్లు కొన్న పెద్దమనిషి వాళ్ళ వెనకాలే నిలబడాలి. ఇది చదివి నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. మా ఊళ్ళో దిక్కులేని పిల్లాడు బడి మెట్టు ఎక్కితే అయ్యవారి ఇంటికి నీళ్ళు మోయించేవారు.

రెండోది, ముప్ఫై. రిసెప్షను, ఒకటి, రెండు తరగతుల్లో ఒక టీచరుకి ముప్ఫైమందికి మించి పిల్లలుండకూడదని 1998లో చట్టం చేశారు. అందుకే సీటు రానివాళ్ళు అప్పీలుకు వెళ్ళినా గెలవడం కష్టం. ముప్ఫై ఒకటో పిల్లకి చోటివ్వాలంటే కౌన్సిలు లెక్కలో తప్పు చేసిందనో, మరీ అన్యాయంగా ఉందనో నిరూపించాలి. మా బోర్డు స్కూల్లో ఒక్క సావిడికి అయిదు తరగతులు. నాలుగు మూలలా నాలుగు, అయిదోది చింతచెట్టు కింద. ఒక మూల పదమూడో ఎక్కం, ఒక మూల శతక పద్యం, ఒక మూల ఏడుపు. అయ్యవారు ఒక్కరే. అయినా చదువొచ్చిందంటాను నేను. ఎంతమందికి అని మా కోడలు అడిగింది. ఆ లెక్క నేను చెప్పలేదు.

ఆఫ్‌స్టెడ్ సంగతికొస్తాను. అది బడుల్ని తనిఖీ చేసే సంస్థ, 1992లో పెట్టారు. మాకూ ఉండేవారు, డిప్యూటీ ఇన్‌స్పెక్టరు గారు. ఆయన వస్తున్నారని కబురందితే ముందురోజే బడికి సున్నం, పిల్లలకి తలంటు. హాజరు తక్కువైతే పక్క ఊరి పిల్లల్ని అరువు తెచ్చేవారు. ఆ పూటకి వాళ్ళ పేర్లు మావి. ఇన్‌స్పెక్టరు గారు ముందు వరసలో ఒకణ్ణి లేపి పన్నెండో ఎక్కం అడిగేవారు. లేచేది ఎవరో అయ్యవారికీ తెలుసు, ఆయనకీ తెలుసు. తరవాత మునసబు గారింట్లో కోడికూరతో భోజనం. రిపోర్టులో ఏం రాశారో ఊళ్ళో ఎవడూ అడగలేదు.

ఇంగ్లండులో ఆ రిపోర్టే అందరికీ భగవద్గీత. నిన్నమొన్నటి దాకా బడి మొత్తానికి ఒకే మాట ఇచ్చేవారు. అవుట్‌స్టాండింగ్, గుడ్, బాగుపడాలి, పనికిరాదు, ఈ నాలుగింట్లో ఒకటి. మా కోడలి షీటులో అవుట్‌స్టాండింగ్ బడులకి ఆకుపచ్చ రంగు. అందులో ఒకదాని తనిఖీ తేదీ చూస్తే పన్నెండేళ్ళ కిందటిది! ఇదేమిటని తవ్వితే తేలిందేమిటంటే, 2012 నుంచి 2020 దాకా అవుట్‌స్టాండింగ్ వచ్చిన బడుల్ని మామూలు తనిఖీల నుంచి మినహాయించారట. ఒకసారి ఫస్టుక్లాసు వచ్చినవాడు మళ్ళీ పరీక్ష రాయనక్కర్లేదన్నమాట. ఆ మధ్యలో హెడ్‌మాస్టరు మారాడా, పంతుళ్ళు వెళ్ళిపోయారా, ఎవరికి తెలుసు? ఆ ఆకుపచ్చ రంగు చూసి జనం పక్కింటి అద్దె పెంచేశారు.

ఆ ఒక్క మాట ఒక ప్రాణం మీదికీ వచ్చింది. రీడింగ్ అనే ఊళ్ళో ఒక ప్రైమరీ బడి హెడ్‌మాస్టరమ్మ రూత్ పెరీ 2023 జనవరిలో ఆత్మహత్య చేసుకుంది. తనిఖీలో ఆ బడిని పైమెట్టు నుంచి అట్టడుగుకి దించబోతున్నారని ఆమెకు తెలిసిన తరవాత. ఆ చావుకి తనిఖీ కూడా కారణమని ఆ డిసెంబరులో కరోనర్ తేల్చారు. 2024 సెప్టెంబరు నుంచి ఒక్క మాట తీర్పు ఎత్తేశారు. 2025 నవంబరు నుంచి రిపోర్టు కార్డులు మొదలుపెట్టారు. ఇప్పుడు ఒక్కో అంశానికి ఒక్కో మెట్టు, అయిదు మెట్లు, ఒక్కోదానికి ఒక్కో రంగు. వాట్సాప్ గ్రూపులో మనవాళ్ళు అప్పుడే ఆ రంగులకి మార్కులేసి, కూడి, సరాసరి తీసి, మళ్ళీ ఒక్క అంకె చేసేశారు.

సర్కారు డబ్బుతో నడిచే బడుల్లో మూడోవంతు దాకా మతసంస్థలవి. ఎక్కువ భాగం చర్చివి. సీట్లకి గిరాకీ ఉన్నప్పుడు కొన్ని చర్చి బడులు తమ మతంవాళ్ళకి ముందు ఇచ్చుకోవచ్చు. ఆదివారం ప్రార్థనకి వచ్చినట్టు ఫాదర్ గారి సంతకం కావాలి. దాంతో పిల్ల పుట్టగానే భక్తి, సీటు రాగానే విరక్తి. ఇది తెల్లవాళ్ళ గురించే చెబుతున్నాను, మనవాళ్ళ జోలికి పోను. హిందువులకీ ఒకటుంది, హారోలో కృష్ణ అవంతి ప్రైమరీ స్కూలు, 2008లో మొదలైంది, సర్కారు నిధులతో నడిచే మొదటి హిందూ బడి అదే. మా గుంటూరు వైపు లూథరన్ మిషన్ బడులుండేవి. మా ఊరి వాడలోనూ ఒకటుండేది. అందులో చేరడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. బోర్డు స్కూలు అందరిదనేవారుగానీ, వాడ పిల్లలు వచ్చి మా పక్కన కూర్చుంటే ఊరు ఊరుకునేది కాదు. వాళ్ళకి అక్షరం చెప్పింది ఆ మిషన్ బడే. మా రోజుల్లో అంటూ మొదలుపెట్టిన ప్రతివాడూ దాటేసే చోటు ఇది, అందుకని చెప్పి ముందుకి పోతున్నాను.

ఓపెన్ డే అని ఒకటుంటుంది, బడిని చూపిస్తారు. నన్నూ తీసుకెళ్ళారు. రిసెప్షన్ గదిలో బల్లలు లేవు. ఒక మూల ఇసుక, ఒక మూల నీళ్ళు, పెరట్లో 'మడ్ కిచెన్' అని పాత గిన్నెలూ గరిటెలూ పెట్టి బురదతో వంట. నలుగురు పిల్లలు మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని, వానలో, అడుసు కలుపుతున్నారు. అడుసు తొక్కనేల కాలు కడగనేల అని మా నాయనమ్మ వీపు మీద ఒకటేసి చెప్పిన చదువు, ఇక్కడ జీతమిచ్చి టీచర్ని పెట్టి తిరగరాస్తున్నారు. పక్కనున్న తెలుగాయన, "హోమ్‌వర్కు ఎంత ఇస్తారండీ?" అని అడిగాడు. హెడ్‌మాస్టరమ్మ నవ్వి, రోజూ రాత్రి పడుకునే ముందు పిల్లకి ఒక కథ చదివి వినిపించండి అంది. ఆయన ముఖం చూడాలి. వైబ్‌లో ఆ బడికి ఆయన నాలుగు వేసి ఉంటాడు.

చదువు చెప్పే పద్ధతి మాత్రం నాకు తెలిసినదే వచ్చింది. అక్షరం పేరు కాదు, దాని చప్పుడు నేర్పుతారు. మొదట స, అ, ట, ప, ఇ, న, ఆ చప్పుళ్ళని కలుపుకుంటూ మాట చదవడం. మన గుణింతం చేసేదీ అదేగా! నేను ముచ్చటపడి మనవరాలి ముందు 'ఎస్' అని రాసి, "ఎస్ ఫర్..." అన్నానో లేదో, "ఎస్ కాదు తాతయ్యా, స్స్స్" అని పాములా బుసకొట్టి చూపించింది. బాగుంది. బాగులేనిది ఏమిటంటే, ఒకటో తరగతి చివర దీని మీద ఒక పరీక్ష, 2012 నుంచి. మొత్తం నలభై మాటలు. అందులో ఇరవై ఏ అర్థమూ లేనివి, పరీక్ష కోసం పుట్టించినవి. అవి అబద్ధపు మాటలని తెలియడానికి పక్కన ఒక రాక్షసి బొమ్మ వేస్తారు. లేని మాటని తప్పు లేకుండా చదివితే మార్కు! పద్యం ముందు నోటికొచ్చి అర్థం ముప్ఫై ఏళ్ళకి తెలిసిన తరం మాది. కానీ అర్థమంటూ ఒకటుండేది నాయనా.

ఇంత చేసీ ఆ ఓపెన్ డేలో మనవాళ్ళ మాటలన్నీ గ్రామర్ స్కూళ్ళ గురించే. పదకొండో ఏట పరీక్ష పెట్టి ఏరుకునే సర్కారు హైస్కూళ్ళవి, ఇంగ్లండు మొత్తం మీద 163 మిగిలాయి. కెంట్, బకింగ్‌హామ్‌షైర్ లాంటి చోట్ల ఎక్కువ. పిల్ల ఇంకా బూటు కుడిదో ఎడమదో తెలియక ఏడుస్తుంటే, తండ్రి ఏ ప్రైమరీ నుంచి ఎంతమంది గ్రామర్‌కి వెళ్ళారని ఆరా. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. ఐఐటీ ఫౌండేషన్ గోల పడలేక హైదరాబాదు వదిలి వచ్చామని చెప్పుకునే వాళ్ళే వీళ్ళు.

నాకు కడుపుమంట ఎక్కడంటే చెబుతాను. 1964లో మన దేశంలో చదువుల సంగతి చూడమని కొఠారీ కమిషన్ వేశారు. 1966లో రిపోర్టు ఇచ్చింది. ఏ వాడ పిల్లలు ఆ వాడ బడిలోనే, కలిగినవాడూ లేనివాడూ ఒకే బల్ల మీద చదవాలని, దానికి తగ్గట్టు బడులన్నిటినీ బాగుచెయ్యాలని రాసింది. టీచరు ట్రైనింగులో అది మాచేత బట్టీ పట్టించారు, పరీక్షల్లో రాశాం, మార్కులొచ్చాయి. తరవాత ఊరూరా కాన్వెంటు, వీధివీధికీ పసుపు బస్సు. సర్కారు పంతుళ్ళే పిల్లల్ని ఆ బస్సెక్కించి తాము సర్కారు బడికి వెళ్ళడం నా కళ్ళతో చూశాను. మనవాడు ఆ పసుపు బస్సులోంచి ఇంజనీరై వీసా మీద ఇక్కడ దిగి, అద్దె రెట్టింపు కట్టి, అడ్రసు రుజువులిచ్చి, మీటర్లు కొలిపించుకుని సంపాదిస్తున్నది ఏమిటి? వాడలో ఉన్న సర్కారు బడిలో నడిచి వెళ్ళే సీటు. దాన్ని అవతల పారేసి రావడానికి కొంత ఖర్చయింది, ఇక్కడ కొనుక్కోవడానికి ఇంకొంత.

ఏప్రిల్ 16న మెయిల్ వచ్చింది. నేను అప్పటికి ఊళ్ళో ఉన్నాను, తెల్లారగట్ల ఫోను మోగితే ఎవరికేమైందో అని భయపడ్డాను. మొదటిది రాలేదు, రెండోది రాలేదు, మూడోది వచ్చింది. ఇంటికి అయిదు నిమిషాల నడక, పట్టాలకి ఇవతలే. ఆఫ్‌స్టెడ్ 'గుడ్' బడి. షీటులో పసుపు రంగు. కోడలు ఆ పూట అన్నం తినలేదట. సెప్టెంబరులో చేర్చారు. నేను మళ్ళీ వచ్చి చూసేసరికి పిల్ల బడి అనగానే కోటు తనే తొడుక్కుంటోంది. మధ్యాహ్నం భోజనం బడిలోనే, రెండో తరగతి దాకా డబ్బు కట్టక్కర్లేదు. పప్పులో ఉప్పుండదని దాని ఒకే ఒక్క ఫిర్యాదు. సంక్రాంతికి ఊరు తీసుకెళ్తానంటే మాత్రం మా వాడు బిక్కమొహం వేశాడు. ఈ ఏడాదికి ఫరవాలేదుగానీ, అయిదేళ్ళు దాటాక అనుమతి లేకుండా అయిదు రోజులు మానిపిస్తే తల్లికి 80, తండ్రికి 80 పౌండ్లు జరిమానా. బావమరిది పెళ్ళికి వెళ్ళొచ్చిన వాళ్ళూ కట్టారట. మాకు ఊడ్పులకీ కోతలకీ బడే సెలవిచ్చేది.

కథ ఇక్కడితో అయిపోవాలి. కాలేదు. మొదట రాసిన బడి వెయిటింగ్ లిస్టులో పిల్ల పేరు ఇంకా ఉంది. ఏప్రిల్‌లో తొమ్మిదోది, ఇప్పుడు పన్నెండోది. వరసలో నిలబడ్డవాడు ముందుకి పోవాలిగానీ వెనక్కి పోవడం ఏ రేషన్ షాపు దగ్గరైనా చూశారా? అక్కడ చూడొచ్చు. ఆ బడికి ఇంకా దగ్గరగా కొత్తవాళ్ళు కాపురానికొచ్చి పేరు రాయిస్తే వాళ్ళు ముందుకి, మనం వెనక్కి. ముందొచ్చామన్న దానికి విలువ లేదు. ఆ లిస్టు డిసెంబరు 31 దాకా ఉంచాలని రూలు. ఆ తరవాత ఉంచుతారో లేదో, మళ్ళీ రాయించుకోవాలో బడిబడికీ ఒక పద్ధతి. మా వాడు ఫోనులో గంట పెట్టుకున్నాడు.

కోడలు పట్టాలకి అవతల ఇల్లు చూస్తోంది. శనివారం చూపిస్తానని లెట్టింగ్ ఏజెంటు అన్నాడట, బడికి నూట ఎనభై మీటర్లేనట. నేను ససేమిరా రానన్నాను. ఉన్న బడిలో పిల్ల బాగానే ఉందిగా అన్నాను. ఎవరూ వినలేదు. అయితే ఆ నూట ఎనభై ఏజెంటు చెప్పిన లెక్క, వాడి మాట నమ్మేదేమిటి? వీధి గుమ్మం నుంచి కొలుస్తారా, ఇంటి నడిమధ్య నుంచి కొలుస్తారా, అవతల బడి గేటు దాకానా ఆఫీసు గది దాకానా, అది తేలకుండా అడ్వాన్సు ఇవ్వొద్దని చెప్పాను. కౌన్సిల్ నిబంధనల పుస్తకం ప్రింటు తీయించుకుని చదువుతున్నాను. పంతొమ్మిదో పేజీలో ఉండాలి.